పాత అంబాసిడర్‌లో డీజిల్ ఇంజన్: కేంద్ర రవాణా మంత్రిగారికి బహిరంగ లేఖ

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రివర్యులకు నమస్కారములు.

మాది పాలకొల్లు. మా నాన్నగారి 1973 నాటి అంబాసిడర్ నేటికీ మా ఇంట్లో నడుస్తోంది. అది మొదట 1489 సీసీ పెట్రోలు బండి. పెట్రోలు ఖర్చు భరించలేక, 1991లో ఆయన దానికి పాత మెటాడోర్ వ్యాను డీజిల్ ఇంజన్ ఎక్కించారు. ఆర్సీలో మాత్రం ఇప్పటికీ పెట్రోలనే ఉంది.

ఆ పని నిరపాయకరమని నేను వాదించను. బరువైన ఇంజన్ ఎక్కగానే బండి ముక్కు కిందికి వాలింది; ముందు చక్రాల దగ్గర స్ప్రింగుల్లా పనిచేసే టార్షన్ బార్లను (మెలితిరిగే కడ్డీలను) సరిచేసి ఎత్తు తెచ్చినా, పవర్ స్టీరింగ్ లేని ఆ బండిని నరసాపురం కాలువ గట్టు మలుపుల్లో, ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తుండగా తిప్పడమంటే భుజాలు పట్టేసేవి. తేలికైన ఇంజన్‌కు సరిపడేలా చేసిన డ్రమ్ బ్రేకులు ఆ బరువుకు ఆలస్యంగా పట్టేవి. ఇంజన్‌ను బండికి బిగించే మౌంటింగుల దగ్గర వెల్డింగు రెండుసార్లు విడిపోయింది. షెడ్డు మేస్త్రి పనితనం మీదే మా ప్రాణాలు ఆధారపడ్డాయి, ఆ పనితనాన్ని ఏ అధికారీ ఎన్నడూ పరీక్షించలేదు.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనులో, ముందుగా తెలియజేసి ఆమోదం పొంది మార్పు చేసుకునే దారి అప్పట్లో ఉండేది. నాన్నగారు ఆ దారిన వెళ్ళలేదు. అది ఆయన తప్పే. 2000 సవరణతో, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా మార్చడమే కుదరకుండా పోయింది. కిట్టు అమర్చి ఇంధనం మార్చుకునే వెసులుబాటు ఉన్నా, వేరే బండి ఇంజన్ దానిలోకి రాదు. పాతకాలపు బండ్లకు ప్రత్యేక హోదా ఇచ్చే 2021 నాటి వింటేజ్ నిబంధనలు కూడా, యాభై ఏళ్ళు దాటిన బండికైనా, ఇంజన్ అసలు రూపంలో ఉండాలంటున్నాయి. ఆ హోదా నేను కోరడం లేదు.

నేను కోరేది ఒక్కటే. 2000 సవరణకు ముందు ఇంజన్ మారిన బండ్ల యజమానులు స్వయంగా వచ్చి చెప్పుకునేందుకు ఒకసారికి గడువు ఇవ్వండి. ముందు ఇరుసు బరువును కాటాపై తూచి, బ్రేకులు, మౌంటింగులు, పొగ పరీక్షించి, నెగ్గిన బండి ఆర్సీలో ఇప్పుడున్న ఇంజన్ నంబరు, డీజిల్ అని రాయించండి, ఓడిన బండిని రోడ్డెక్కనివ్వకండి. మా బండి ఓడినా నేను అభ్యంతరం చెప్పను.

ఇట్లు,
ఒక అంబాసిడర్ యజమాని,
పాలకొల్లు