టైము రాయని ఉమ్మి రిపోర్టు

సంపాదకులకు నమస్కారం.

పర్లాకిమిడిలో తెలుగు మీడియం పిల్లలకు సైన్సు చెప్పి రిటైరయ్యాను. మా తమ్ముడు బరంపురంలో రాత్రి కాపలా డ్యూటీ చేస్తాడు. రెండు నెలలుగా సరిగ్గా తినడు, ఫోను ఎత్తడు. ఒక ప్రైవేటు ల్యాబువాళ్లు ‘టెన్షన్ టెస్టు’ అంటే వెళ్లి చిన్న గొట్టంలో ఉమ్మి ఇచ్చి వచ్చాడు. కార్టిసాల్ (ఒత్తిడికి పెరిగే హార్మోను) తక్కువే ఉంది, ఒత్తిడి లేదని రాసిచ్చారు. ఆ కాగితం చూసి ‘నీకేం లేదురా, బద్ధకం’ అన్నాం. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను, ఆ బాధతోనే ఈ ఉత్తరం.

తర్వాత రిపోర్టు మళ్లీ చూశాను. ఉమ్మి తీసిన టైము రాసే గడి ఖాళీగా ఉంది. వాణ్ని అడిగితే, డ్యూటీ దిగి, గుడాకుతో (పొగాకు ముద్దతో) పళ్లు తోముకుని, టీ తాగి నేరుగా వెళ్లానన్నాడు. ఉమ్మి ఇచ్చే ముందు కనీసం అరగంట పళ్లు తోమకూడదు, ఏమీ తినకూడదు, తాగకూడదు. పొగాకు తగిలినా, చిగుళ్ల నెత్తురు కలిసినా లెక్క మారిపోతుంది.

పైగా కార్టిసాల్ రోజంతా ఒక్కలా ఉండదు. నిద్ర లేచిన అరగంట, ముప్పావుగంటకు బాగా పెరిగి, ఆపైన తగ్గుతూ అర్ధరాత్రికి అడుగంటుతుంది. ఉమ్మిలోనే ఉండే అమైలేజ్ ఎంజైముది ఇంకో దారి: లేవగానే తగ్గి సాయంత్రానికి పెరుగుతుంది. (అన్నం నములుతుంటే తియ్యగా అనిపించేది దీనివల్లే, క్లాసులో పిల్లలచేత నమిలించేవాణ్ని.) పగలు పడుకుని మధ్యాహ్నం మూడింటికి లేచే మనిషికి ఈ వరసంతా తారుమారు కావచ్చు.

దిగులుకూ ఉమ్మికీ సంబంధం లేదని నేననడం లేదు. 2006లో అమెరికాలో 156 మంది పెద్దవయసువాళ్ల మీద చేసిన అధ్యయనం వెలువడింది. ముందురోజు ఒంటరితనం, దిగులు ఎక్కువున్నవాళ్లకు మర్నాడు లేచాక కార్టిసాల్ ఎక్కువగా పెరిగింది. వరసగా మూడు రోజులు, రోజుకు మూడేసి సార్లు ఉమ్మి తీస్తే తేలిన సంగతి అది. ఒంట్లో కార్టిసాల్ మితిమీరే కుషింగ్స్ జబ్బు అనుమానం ఉంటే డాక్టర్లు రాత్రి పొద్దుపోయాక ఉమ్మి తీయిస్తారు, అదీ సరైన పరీక్షే. మావాడి దగ్గర మాత్రం ఒక్కసారి తీసి మనసు సంగతి తేల్చేశారు.

ఉమ్మి తీసిన టైము, ఆ మనిషి నిద్ర లేచిన టైము రిపోర్టు మీద ఉండేలా అధికారులు చూడాలి. మీ ఆరోగ్యం పేజీలో కూడా దీని గురించి రాయండి. మా సరిహద్దు ఊళ్లలో రాత్రి డ్యూటీలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు.

తమ్ముణ్ని ఇప్పుడు మానసిక వైద్యుడికి చూపిస్తున్నాం. మొదటి రోజు ఆయన చాలాసేపు వాడి నిద్ర గురించే అడిగారు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుని వాడు నాతో గంటసేపు మాట్లాడాడు.

— ఒక రిటైర్డ్ టీచరు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా