మన విచారణ (పారిష్) సంగతి

రోజీ తల్లీ,

నీ జ్ఞానస్నానం సర్టిఫికెట్ తీసుకున్నాను. ఆరు నెలల లోపు తీసిందే కావాలని నీ పెళ్ళి జరిగే చోటి ఫాదర్‌గారు అడిగారన్నావుగా, మొన్న సంతకం పెట్టించిందే ఇది. పెళ్ళయ్యాక వాళ్ళు ఇక్కడికి కబురు పంపితే, మన రిజిస్టర్‌లో నీ పేరు పక్కన ఎవరితో, ఎక్కడ, ఏ తేదీన పెళ్ళయిందో రాస్తారు. నువ్వు ఏ దేశంలో కాపురం పెట్టినా ఆ లెక్క ఈ పుస్తకంలోనే ఉంటుంది.

ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, నువ్వు ఇంటికొచ్చినప్పుడు కాబోయే అత్తగారితో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నాను. "మీ సొంత విచారణ ఏది?" అని ఆవిడ అడిగితే, "మాది ఫిరంగిపురం అండీ, బెంగళూరులో ఏదో దగ్గర్లో ఉన్న చర్చికి వెళ్తాం" అన్నావు. ఫిరంగిపురం మీ నానమ్మది, నాది. నీది కాదు. సెలవులకు వెళ్ళి మామిడికాయలు తిన్నంత మాత్రాన అది నీ విచారణ అయిపోదు. నువ్వు "ఏదో చర్చి" అన్నావే, అదే నీది.

బెంగళూరులో కథోలిక గుడి అనగానే అందరికీ శివాజీనగర్ మరియమాత బసిలికానే గుర్తొస్తుంది. 1818లో అబ్బే దుబోయ్ అనే ఫ్రెంచి ఫాదర్ అక్కడ చిన్న ప్రార్థనాలయం కట్టించారు. మశూచికి టీకాలు వేయించిన ఫాదర్ ఆయనే. ఇప్పుడున్న గోతిక్ గోపురం గుడి 1882 నాటిది. సెప్టెంబరు 8న మరియమాత పుట్టినరోజు పండగకి అక్కడి రథం చూడటానికి హిందువులు, ముస్లింలు కూడా వస్తారు. మన గుడికి అంత పాత చరిత్ర లేదు. మనది ఫ్యాక్టరీలు పుట్టించిన గుడి.

1940లో విమానాల ఫ్యాక్టరీ హెచ్‌ఏఎల్, 1948లో దూరవాణినగర్‌లో టెలిఫోన్ల ఫ్యాక్టరీ ఐటీఐ, 1954లో జాలహళ్ళిలో ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ బీఈఎల్ వచ్చాయి. ఊరి చివర పొలాలు క్వార్టర్లయ్యాయి. ఉద్యోగం కోసం నలుమూలల నుంచీ జనం దిగారు. కోలారు బంగారు గనుల వైపు నుంచి మారికుప్పం రైల్లో తమిళులు, ఆఫీసు పనులకు మంగళూరు కొంకణీలు, కేరళ నుంచి నర్సులు, టైపిస్టులు. వైట్‌ఫీల్డ్ ఆంగ్లో ఇండియన్లు అంతకు ముందు నుంచే ఉన్నారు. గుంటూరు జిల్లా నుంచి వచ్చిన మీ తాతయ్యలాంటి వాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. వీళ్ళందరికీ కలిపి మొదట్లో ఉన్నది ఒక రేకుల షెడ్డు, వేరే విచారణ నుంచి మోటారు సైకిల్ మీద వచ్చే ఒక ఫాదర్‌గారు.

పూజ వేళలు కూడా షిఫ్టులను బట్టే ఉండేవి. తపస్సుకాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు తెల్లవారుజామున ఐదింటికే పూజ. మొదటి షిఫ్టు వాళ్ళు నుదుట బూడిద సిలువతో, చేతిలో టిఫిన్ క్యారియర్‌తో అట్నుంచటే బస్సెక్కేవారు. గేటు దగ్గర వాచ్‌మన్ తాతయ్యని ఆపి "ఈరోజు ఏం పండగ సార్, శివరాత్రి అయిపోయిందిగా" అన్నాడట. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అదే బూడిదతో ఉన్నవాళ్ళు ఒకరినొకరు చూసుకుని ఒకే బల్ల దగ్గర చేరారు. నానమ్మ లెక్క ప్రకారం మన విచారణ పుట్టింది ఆ బల్ల దగ్గర, షెడ్డులో కాదు. నాకూ అదే నిజమనిపిస్తుంది.

అప్పుడు పూజ లాటిన్‌లో. ఫాదర్‌గారు జనానికి వీపు పెట్టి పీఠం వైపు తిరిగి చేసేవారు. ఎవరికీ అర్థమయ్యేది కాదు కాబట్టి ఎవరికీ పేచీ లేదు. రెండో వాటికన్ మహాసభ 1965లో ముగిసింది. ఆ మార్పుతో పూజ జనం భాషల్లోకి వచ్చింది. మరి ఏ జనం? అక్కడే చిక్కొచ్చింది. కన్నడమా, తమిళమా అని బెంగళూరు పీఠం (డయోసిస్) అంతటా దశాబ్దాలపాటు రగిలింది. ఇరువైపులా న్యాయం లేకపోలేదు. మా రాష్ట్రంలో మా భాషకు చోటు లేదా అని కన్నడిగుల బాధ. గుడి నిండా మేమే ఉన్నాం, మా ప్రార్థనలు ఏమయిపోవాలి అని తమిళుల బాధ. మన విచారణలోనూ మాటలు పెరిగాయి, కొన్ని ఇళ్ళ మధ్య పలకరింపులు ఆగిపోయాయి. మనవాళ్ళు తెలివిగా ఇద్దరితోనూ మంచిగా ఉన్నారు. అందుకు ఫలితం నెలకొక్క ఆదివారం, మధ్యాహ్నం మూడింటికి తెలుగు పూజ! అన్నం తిని కునుకు తీసే వేళ.

ఇందులో తమాషా ఏమిటంటే, ఈ పీఠానికి అంతకు ముందు పెద్ద మన తెలుగాయనే. గుంటూరు పీఠానికి మొదటి బిషప్ అయిన పోతకమూరి తోమాసు గారు 1942లో బెంగళూరుకు వచ్చారు. 1953లో ఇది అగ్రపీఠమైతే మొదటి ఆర్చిబిషప్ ఆయనే. 1963లో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ మొదలైంది కూడా ఆయన కాలంలోనే. నానమ్మ తమిళ పక్కింటివాళ్ళ దగ్గర ఎన్నిసార్లు ఈ గొప్ప చెప్పిందో! ఆయన ఉన్నన్నాళ్ళూ దాదాపు అంతా లాటినే కాబట్టి తెలుగు పూజ అడగాలనే ఆలోచన మనవాళ్ళకి రాలేదు.

నేను కోడలిగా వచ్చేసరికి పక్కా గుడి లేచింది. అప్పులు మాత్రం తీరలేదు. మరియదళం ఆడవాళ్ళు చీటీలు వేసి, కేకులు అమ్మి బెంచీలు చేయించారు. సెప్టెంబరు 8న మంగళూరు వాళ్ళు కొత్త వరి కంకులు దీవించి అందరికీ పంచేవారు. నేను మన వాకిట్లో తోరణంలా కట్టేదాన్ని, చూసి నవ్వేవాళ్ళు. తర్వాత ఫ్యాక్టరీల్లో వీఆర్‌ఎస్‌లు వచ్చాయి. 2001లో బంగారు గనులు మూతపడ్డాయి, అక్కడివాళ్ళు చుట్టాల ఇళ్ళకు చేరారు. విన్సెంట్ డి పాల్ సంఘం వాళ్ళు బియ్యం సంచులు చీకటి పడ్డాకే ఇచ్చేవారు. నిన్నటిదాకా చందా ఇచ్చిన ఇంటికి ఈరోజు బియ్యం వెళ్తున్న సంగతి వీధికి తెలియకూడదుగా. మీ నాన్న స్కూటర్ ఆ పనికే అరిగింది. ఈ మాట ఆయన నీకెప్పుడూ చెప్పి ఉండరు.

2015లో సీరో మలబారు వాళ్ళ, అంటే కేరళ తూర్పు సంప్రదాయపు కథోలికుల, మండ్య పీఠం పరిధిలోకి బెంగళూరు కూడా వచ్చింది. మన మలయాళీలు చాలామంది తమ సొంత విచారణలకు మారిపోయారు. అది వాళ్ళ సంప్రదాయం, తప్పు పట్టను. కానీ నాతో పాటు పాతికేళ్ళు గాయక బృందంలో పాడిన ఆవిడ వెళ్ళిపోయాక ఆల్టో (ఆడవాళ్ళ కింది స్వరం) ఇంతవరకూ కుదరలేదు.

ఇప్పుడు మళ్ళీ వలసలే. మెట్రో వచ్చాక అపార్ట్‌మెంట్లలోకి గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ పిల్లలు బోలెడుమంది దిగారు. తెలుగు పూజ రోజు బయట కుర్చీలు వేయాల్సి వస్తోంది. ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకి ఇక్కడి నుంచి బస్సు వేద్దామంటున్నారు. వాళ్ళ ఉత్సాహం బాగుంది గానీ, పాట మధ్యలో ఫోన్లో స్క్రోల్ చేసుకుంటూ చరణం తప్పుతున్నారు.

నీ పెళ్ళి చాటింపు, అంటే ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని గుడిలో చదివే ప్రకటన, ఇక్కడ కూడా మూడుసార్లు వేయాలి. తెలుగు పూజలోనే చదవమని మీ నాన్న పట్టుబట్టారు. నెలకొక్కటే పూజ, మూడు చాటింపులయ్యేసరికి మూడు నెలలు, పెళ్ళి తేదీ దాటిపోతుందన్నారు ఫాదర్‌గారు. చివరికి ఒక ఆదివారం కన్నడంలో, ఒక ఆదివారం తమిళంలో, ఒకటి తెలుగులో అని రాజీపడ్డారు. తమిళ పూజలో చదివేవారికి మన ఇంటిపేరు నోరు తిరగడం లేదట, వాళ్ళ పిల్లాడు వచ్చి రాయించుకుని వెళ్ళాడు.

దీవెనలతో,
అమ్మ