2023-24 వార్షిక నివేదిక: ఫాల్గుణంలో దారింగబాడి

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారాలు.

బరంపురంలోని మన తెలుగు సంఘం నెలవారీ సమావేశాలు, గ్రంథాలయ నిర్వహణ, పిల్లలకు ఆదివారం తెలుగు తరగతులు ఎప్పటిలాగే సాగాయి; లెక్కల పత్రాన్ని విడిగా జతచేశాము కనుక వాటిని ఇక్కడ విస్తరించడం లేదు. ఈ ఏడాది కార్యవర్గ నిర్ణయాలలో ఎక్కువ చర్చకు దారితీసింది ఒక్కటే. ఏటా కార్తికంలో జరిపే వనభోజనాలను ఫాల్గుణానికి మార్చి, దారింగబాడిలో రెండు రోజులు గడిపాము. అందులోని మంచిచెడ్డలను సభ్యుల ముందు ఉంచడం కార్యదర్శిగా నా బాధ్యత.

బరంపురానికి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, కంధమాల్ జిల్లా కొండల మీద, దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉన్న ఆ ఊరికి జనం పోటెత్తేది డిసెంబరు, జనవరి నెలల్లో. ‘ఒడిశా కాశ్మీరం’ అన్న పేరు విని వచ్చేవారితో అప్పుడు గది దొరకడమే గగనం. దొరికినా, సూర్యోదయానికి వెళ్లినవారు ముందు నిలబడ్డవారి సెల్‌ఫోన్లను చూసి తిరిగి రావలసిందే. మార్చిలో ఆ రద్దీ ఉండదు, డిసెంబరులో మనకు చెప్పిన అద్దెలో దాదాపు సగానికే గదులు కుదిరాయి. పైగా ఈసారి చైత్రంలో బరంపురం గ్రామదేవత ఠాకురాణి జాతర లేదు. రెండేళ్లకోసారి వచ్చే ఆ జాతర ఉన్న ఏడాది బరంపురం వాళ్లు ఊరు కదలరని వేరే చెప్పనక్కరలేదు. “చలి లేని దారింగబాడికి వెళ్లడం ఎండాకాలంలో కంబళి కొన్నట్టు” అని పెద్దలొకరు కార్యవర్గ సమావేశంలో అన్న మాట మినిట్స్ పుస్తకంలో నమోదై ఉంది. ఎండాకాలంలోనే కంబళి చవగ్గా దొరుకుతుందని కోశాధికారి ఇచ్చిన జవాబూ దాని కిందే ఉంది.

మార్చి మూడో శనివారం తెల్లవారుజామున బయలుదేరిన మన బస్సు హింజిలి, అస్కా, సొరడా దాటి ఘాట్ ఎక్కేసరికి, ఆకులన్నీ రాల్చిన కొండవాలు మీద మోదుగలు నిప్పుకణికల్లా పూసి కనిపించాయి. పగలు ఎండ చురుక్కుమన్నా నీడకు చేరగానే చల్లగా ఉండేది. రాత్రికి దుప్పటి కప్పుకోక తప్పలేదు. అప్పటికే ఉక్క మొదలైన బరంపురం నుంచి వెళ్లినవారికి అంతకన్నా కావలసింది లేదు.

కాఫీ తోటలో మేము గంటన్నర గడిపాము. సిల్వర్ ఓక్ చెట్లకు మిరియపు తీగలు అల్లుకున్న ఆ తోటను చలికాలంలో చాలామంది సభ్యులు చూసే ఉంటారు గాని, పూతలో చూసినవారు అరుదు. వారం పది రోజుల ముందు ఒక జల్లు పడిందట. దానికి కొమ్మ పొడవునా కణుపు కణుపుకూ తెల్లని పూలు గుత్తులుగా విచ్చుకుని, మల్లెలను తలపించే వాసనతో తోటంతా నిండిపోయింది. ఆ పూత మూడు నాలుగు రోజులకు మించి నిలవదు కనుక అది మాకు దక్కడం కేవలం అదృష్టమే. ప్రణాళిక గొప్పతనమని కార్యవర్గం చెప్పుకోవడం లేదు.

రెండో రోజు ఉదయం దారిపక్క పల్లెలో ఉడకబెట్టిన పసుపుకొమ్ములను ఆరబోస్తున్న ఒక ముసలమ్మ దగ్గర ఆగాము. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన కంధమాల్ పసుపు అది. ఆమె ఒక కొమ్మును తీసి విరిచి, టక్కుమని శబ్దం రాకపోవడంతో తల అడ్డంగా ఊపి మళ్లీ ఎండలో పడేసింది. ముందే ఎండిన గోనె నుంచి తీసిన కొమ్ము మాత్రం పుల్లలా విరిగింది. ఆమె మాట్లాడే కుయి భాష మన తెలుగుతో పాటు ద్రావిడ కుటుంబానిదే అయినా, బేరం ఒడియాలోనే జరిగింది.

మన గంజాం జిల్లా పొలాలకు నీరిచ్చే ఋషికుల్య నది పుట్టేది ఈ కొండల్లోనే. సుమారు 165 కిలోమీటర్లు ప్రవహించి సముద్రంలో కలిసే చోట, సాధారణంగా ఈ కాలంలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. అక్కడ అంత వెడల్పుగా కనిపించే నదికి నీళ్లందించే వాగులలో ఒకదాన్ని మన పెద్దలు పంచె తడవకుండా దాటారు.

లోపాలనూ దాచడం లేదు. జలపాతాలు సన్నని ధారలుగా మిగిలాయి. పోడు కోసం కొండవాలులో పెట్టే మంటలకు, ఇప్పపూలు ఏరుకునేందుకు చెట్ల కింద ఎండుటాకులు కాల్చే పొగ తోడై, సాయంత్రం లోయ మసకబారి సూర్యాస్తమయం సగమే కనబడింది. బసచేసిన చోట భోజనానికీ ముందుగానే సొమ్ము తీసుకున్నారు. తీరా వెళ్తే, సీజన్ కాదని వంటమనిషి ఊరికి వెళ్లిపోయాడు. మహిళా సభ్యులు, వారితో పాటు నలుగురు మగవారు కలిసి పప్పు, చారు, వంకాయ కూర వండి అడ్డాకుల్లో వడ్డించారు. వనభోజనం అన్న పేరు నిలిచింది గాని, చెల్లించిన సొమ్ము ఇంకా తిరిగి రాలేదు. అన్నిటికన్నా పెద్ద లోటు, పిల్లల పరీక్షల వల్ల కొన్ని కుటుంబాలూ, సంవత్సరాంతపు లెక్కల వల్ల బ్యాంకు ఉద్యోగులూ రాలేకపోవడం. వారి అసంతృప్తి న్యాయమైనదే.

వచ్చే చైత్రంలో ఠాకురాణి జాతర ఉంటుంది కనుక, ఫాల్గుణం మొదట్లోనే వెళ్లాలా, కార్తికానికి తిరిగి మారాలా అన్నది సర్వసభ్య సమావేశం తేల్చాలి. సభ్యుల కోసం కొన్న పసుపులో నాలుగు పొట్లాలు ఇంకా కార్యాలయంలోనే ఉన్నాయి. డబ్బు కట్టినవారు వచ్చి తీసుకువెళ్లవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
కార్యదర్శి