ముందు ఇంటివాళ్లకు తెలియనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ అనుబంధంలో అమెరికా, రష్యాల అంతరిక్ష పోటీ మీద వేసిన రెండు పేజీలు చదివాను. స్పుత్నిక్, గగారిన్, చంద్రుడి మీద ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు అన్నీ ఉన్నాయి. బొమ్మలూ బాగున్నాయి. ఆ దారిలో పోయినవాళ్ల గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం, 'కొందరు వ్యోమగాములు ప్రాణాలు కోల్పోయారు' అని. ముప్పై ఏళ్లు హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పినదాన్ని. ఆ 'కొందరు' దగ్గర ఆగిపోయాను. వాళ్లకు పేర్లున్నాయండీ. వాళ్ల కోసం ఎదురుచూసే ఇళ్లున్నాయి.

1967 జనవరి 27. అమెరికా రాకెట్లు ఎగిరే కేప్ కెనడీలో గస్ గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ మధ్యాహ్నం నుంచీ చంద్రయాత్ర కోసం కట్టిన అపోలో నౌక క్యాబిన్‌లో నడుం వాల్చే ఉన్నారు. రాకెట్లో ఇంధనం కూడా లేదు, అది ఉత్త రిహార్సల్. రేడియో సరిగా పలకడం లేదు. రెండు మూడు బిల్డింగుల మధ్యే మాట్లాడుకోలేకపోతే చంద్రుడి దాకా ఎలా వెళ్తామని గ్రిసమ్ విసుక్కున్నారు. సాయంత్రం ఆరున్నరకు లోపల మంట లేచింది. క్యాబిన్ నిండా స్వచ్ఛమైన ఆక్సిజన్, అదీ బయటి గాలికన్నా ఎక్కువ ప్రెషర్‌లో. తలుపేమో లోపలికి తెరుచుకునే రకం. లోపలివైపు మూత బిగించే కుక్కర్ ఉంటుంది చూడండి, ఆవిరి మీద ఉండగా ఎంత లాగినా మూత రాదు. అదే సంగతి. బయటివాళ్లు తెరిచేసరికి ఐదు నిమిషాలు పట్టింది. అప్పటికే ముగ్గురూ పోయారు. ముగ్గురికీ కలిపి ఆరుగురు పిల్లలు. చాఫీకి 31 ఏళ్లు, ఇంకా ఒక్కసారి కూడా అంతరిక్షంలోకి వెళ్లలేదు.

ఆ రాత్రి హ్యూస్టన్‌లో చాఫీ భార్య మార్తాకు కబురు చెప్పడానికి వెళ్లింది తోటి వ్యోమగామి మైకేల్ కాలిన్స్. రెండేళ్ల తర్వాత అపోలో 11లో చంద్రుడి చుట్టూ తిరిగిన కాలిన్సే. ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఊరుకోలేదు, మనిషే వెళ్లారు. అంత పట్టింపు ఎందుకంటే, అంతకు ముందు ఒకసారి చేతులు కాలాయి కాబట్టి. 1964 అక్టోబర్ 31న థియోడర్ ఫ్రీమన్ నడుపుతున్న టీ-38 శిక్షణ విమానాన్ని ఒక అడవి బాతు ఢీకొట్టింది. ఆయన చనిపోయారు. ఆ మాట ఆయన భార్యకు మొదట తెలిసింది నాసా వాళ్ల ద్వారా కాదు, ఇంటి తలుపు తట్టిన ఒక పత్రికా విలేఖరి ద్వారా.

ఈ సంగతి నేను చదివిన రోజున నాకు నిద్ర పట్టలేదు. మా తమ్ముడు పనిచేసే చోట ప్రమాదం జరిగి పోయాడు. ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉన్న రోజులు. అమ్మ మేడ మీద వడియాలు పెడుతూ, ఫోన్ మోగుతోందని దిగి వచ్చింది. చేతికి పిండి అంటుకుందని ఎడమచేత్తో రిసీవర్ ఎత్తింది. అవతల ఎవరో విలేఖరి. "మీ అబ్బాయి ఫొటో ఒకటి కావాలమ్మా, మనిషిని పంపుతాం" అన్నాడట. ఎందుకు బాబూ అని అడిగింది అమ్మ. ఆ తర్వాత ఎన్నేళ్లు బతికినా, ఫోన్ మోగితే తను మాత్రం ఎత్తేది కాదు. ఆ పత్రిక ఏదో ఇప్పుడు నాకు అక్కర్లేదు. ఆ అబ్బాయి కూడా తన డ్యూటీ తను చేశాననే అనుకుని ఉంటాడు.

తెలిసే తీరు అది. అసలు తెలియనివ్వకపోవడం ఇంకో రకం. వాలెంతిన్ బొందరెంకో సోవియట్ మొదటి వ్యోమగాముల జట్టులో అందరికన్నా చిన్నవాడు. 24 ఏళ్లు, భార్య, ఐదేళ్ల కొడుకు. 1961 మార్చి 23న ఆక్సిజన్ ఎక్కువగా నింపిన చాంబర్‌లో ఒంటరిగా ఉండే పరీక్షలో ఉన్నాడు. ఒంటికి అంటించిన సెన్సర్లు తీసి, స్పిరిట్ దూదితో తుడుచుకుని, ఆ దూది పడేశాడు. అది వెళ్లి హాట్ ప్లేట్ మీద పడింది. కొన్ని గంటల్లో ప్రాణం పోయింది. మూడు వారాలు తిరక్కుండానే గగారిన్ ఎగిరాడు, లోకమంతా చప్పట్లు కొట్టింది. బొందరెంకో పేరు మాత్రం 1986లో ఇజ్వెస్తియా పత్రిక రాసేదాకా బయటికి రాలేదు. పాతికేళ్లు! అమెరికాకు ఈ కబురు ముందే చేరి ఉంటే అపోలో మంట తప్పేదని నేను అనను, అది ఎవరూ చెప్పలేరు. కానీ ఆ పిల్లవాడు మా నాన్న వ్యోమగామి అని పదిమందిలో చెప్పుకోలేకుండా పెరిగాడు కదా.

1971లో సోవియట్ నౌక సోయుజ్ 11లో వెళ్లిన ముగ్గురూ, దొబ్రొవోల్‌స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్, 23 రోజులు అంతరిక్షంలో ఉండి తిరిగి వస్తూ, ఒక వాల్వ్ తెరుచుకుని గాలి పోయి చనిపోయారు. క్యాబిన్ ఇరుకని వాళ్లకు ప్రెషర్ సూట్లు ఇవ్వలేదు. మాస్కోలో అంత్యక్రియల్లో మోసినవాళ్లలో అమెరికా వ్యోమగామి టామ్ స్టాఫర్డ్ కూడా ఉన్నారు. అదే ఆగస్టులో అపోలో 15 వాళ్లు చంద్రుడి మీద జానెడు కూడా లేని అల్యూమినియం బొమ్మను, పక్కన చనిపోయిన 14 మంది వ్యోమగాముల పేర్ల పలకను పెట్టి వచ్చారు. రెండు దేశాలవాళ్ల పేర్లూ ఒకే వరసలో, అక్షర క్రమంలో ఉన్నాయి. అందులోనూ బొందరెంకో లేడు, తెలియదు కాబట్టి. రాబర్ట్ లారెన్స్ కూడా లేరు. అమెరికా వైమానిక దళం అంతరిక్షానికి ఎంపిక చేసిన తొలి నల్లజాతి వ్యోమగామి ఆయన, 1967 డిసెంబర్‌లో విమానం కూలి చనిపోయారు. అమెరికాలో కెనడీ స్పేస్ సెంటర్‌లోని స్మారక అద్దం మీద ఆయన పేరు ఎక్కడానికి సరిగ్గా 30 ఏళ్లు పట్టింది.

గ్రిసమ్ భార్య బెట్టీ అపోలో క్యాబిన్ తయారు చేసిన కంపెనీ మీద కేసు వేస్తే, తోటి వ్యోమగాముల కుటుంబాల్లో కొందరు ఆమెకు ముఖం చాటేశారు. చివరికి మూడున్నర లక్షల డాలర్లకు రాజీ అయింది. వీరుడి భార్య మౌనంగా ఉండాలని అక్కడా అనుకున్నారన్నమాట. నాకైతే ఆమె చేసింది న్యాయమే అనిపిస్తుంది.

ఇదంతా మీకు ఎందుకు రాస్తున్నానంటే, మా మేడ మీంచి చూస్తే శ్రీహరికోట రాకెట్ కనబడుతుంది. గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురి ఫొటోలు మీరూ వేశారు. వాళ్లు క్షేమంగా వెళ్లి రావాలని రోజూ దేవుడికి దండం పెట్టుకుంటాను. కానీ వాళ్ల అమ్మానాన్నల ఇళ్ల ముందు కెమెరాలు ఇప్పటినుంచే నిలబడతాయని తెలుసు. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఎవరికైనా చెడు జరిగితే, ఇంటివాళ్లకు అధికారికంగా చెప్పారని తేల్చుకున్నాకే పేరు వేస్తామని మీ పత్రిక ఒక నియమం పెట్టుకుని, దాన్ని ముద్రించి మాకు చెప్పాలి. పది నిమిషాలు వెనకబడితే వెనకబడండి.

అపోలో మంట లేచిన రోజు జనవరి 27న 'కొందరు' అనకుండా పేర్లన్నీ వేయండి, బొందరెంకో, లారెన్స్ సహా. ఇంకొక్కటి. 2004 ఫిబ్రవరి 23న శ్రీహరికోటలోనే ఘన ఇంధనం ప్లాంటులో పేలుడు జరిగి ఆరుగురు పోయారు. నా దగ్గర చదివిన పిల్లల్ని అడిగితే ఒక్కరికీ వాళ్ల పేర్లు తెలియవు. మర్నాటి పేపరు మీ ఆఫీసులో భద్రంగా ఉండే ఉంటుంది. ఆ ఆరు పేర్లూ తీసి మళ్లీ వేయగలరా?

— ఒక విశ్రాంత ఫిజిక్స్ టీచర్,
సూళ్లూరుపేట