రమణా, నీ బజ్జీ ఫోల్డర్ కథ

గుంటూరు

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరానికి జవాబు ఇంత ఆలస్యమైందని కోపం తెచ్చుకోకురా. సీజన్‌లో మిర్చి యార్డు ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా! ఇంట్లో అందరం కులాసా. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది, చిన్నదానికి పరీక్షలయ్యాయి. మా చెల్లి సంబంధం సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను, అది పెద్ద కథ. ఇప్పుడు నీ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఆఫీసులో నీ సిస్టమ్ తీసేశార్రా. అదే, కిటికీ పక్కది. నువ్వు వెళ్ళాక కూడా దాన్ని నీ పేరుతోనే లాగిన్ అయి వాడుతున్నాం, ఎవరికీ మార్చబుద్ధి కాలేదు. చివరికి అది ఆన్ అవ్వడమే మానేసింది. టెక్నీషియన్ కుర్రాడు మూత విప్పితే లోపల ఫ్యాను రెక్కల మీద, బోర్డు మీద, ఎక్కడ చూసినా ఎర్రటి దుమ్ము. పాపం తుమ్మి తుమ్మి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. హార్డ్ డిస్కు మాత్రం బతికే ఉంది, ఫైళ్ళన్నీ కొత్త సిస్టమ్‌లోకి ఎక్కించాడు.

అక్కడ మొదలైంది అసలు గొడవ. బ్యాంకుకి నెలవారీ స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అది వెళ్ళకపోతే డ్రాయింగ్ పవర్, అంటే సరుకు మీద బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు, ఆగిపోతుంది, అది ఆగితే రైతులకు డబ్బులెక్కడివి? ఈ మాట నువ్వే నాకు మొదటి రోజు చెప్పావు, గుర్తుందా? కోల్డ్ స్టోరేజీల వారీగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, రకం వారీగా తేజ ఎంత, 334 ఎంత, 341 ఎంత, 90 రోజులు దాటిన బాకీలు ఎవరివి, ఇవన్నీ నువ్వు కట్టిన ఆ ఎక్సెల్ రిపోర్టులోంచే రావాలి. రిపోర్టుకేమో లెక్కల సాఫ్ట్‌వేర్‌లోంచి అంకెలు లాక్కొచ్చే ఆ యాడ్-ఇన్, అదే ఎక్సెల్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాము, ఉండాలి.

యాడ్-ఇన్ అమ్మినవాళ్ళు ఫైలు మెయిల్‌లో పంపారు. ఆప్షన్స్‌లో యాడ్-ఇన్స్‌కి వెళ్ళి, బ్రౌజ్ కొట్టి, టిక్కు పెట్టాను. టిక్కు పడింది. పైన ట్యాబ్ మాత్రం రాలేదు. ఎర్రర్ కూడా లేదురా, అదే ఒళ్ళు మండించే విషయం! తప్పుందని చెప్తే వెతుక్కుంటాం, ఏమీ చెప్పకపోతే ఎక్కడని వెతకాలి? ఎక్సెల్ మూసి తెరిచాను, సిస్టమ్ రీస్టార్ట్ చేశాను, అదే తంతు. అమ్మినవాళ్ళకి ఫోన్ చేస్తే "తీసేసి మళ్ళీ వేయండి సార్" అన్నారు. ఏ బాధ చెప్పినా వాళ్ళ దగ్గర ఉన్న మందు అదొక్కటే.

ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ చూస్తే అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, ఈ ఫైలు వేరే కంప్యూటర్ నుంచి వచ్చింది, అందుకని ఆపి ఉండొచ్చని. పక్కనే అన్‌బ్లాక్ గడి. 2016 జూలై అప్‌డేట్ల దగ్గర్నుంచి ఇలా బయటినుంచి దిగిన యాడ్-ఇన్‌ని ఎక్సెల్ నోరెత్తకుండా పక్కన పెట్టేస్తోందట. వచ్చిన ప్రతి ఫైల్లోని మాక్రోనీ, అంటే లోపల దాగిన ప్రోగ్రామునీ, ఎగబడి నడిపేయడం కన్నా ఇదే మంచిదని నేనూ ఒప్పుకుంటాను, కాకపోతే ఒక్క మాట చెప్పి ఆపొచ్చు కదా! గడిలో టిక్కు పెట్టి ఎక్సెల్ తెరిచాను. ట్యాబ్ వచ్చింది!

వచ్చిందిరా, కానీ వస్తూనే కంపైల్ ఎర్రర్. కోడ్ కిటికీ తెరుచుకుని, పైన విండోస్ ఫంక్షన్లను పిలవడానికి డిక్లేర్ అని మొదలయ్యే లైన్లన్నీ ఎర్రగా. మన పాత ఆఫీస్ 2010 ముప్ఫైరెండు బిట్‌ది. ఇప్పుడు కొత్తగా వేస్తే మామూలుగా అరవైనాలుగే పడుతుంది. ఆ డిక్లేర్‌ల పక్కన, ఈ కోడ్ అరవైనాలుగు బిట్‌కీ పనికొస్తుందని చెప్పే పీటీఆర్‌సేఫ్ అనే మాట లేకపోతే అరవైనాలుగు బిట్ ఎక్సెల్ ముట్టుకోదు. టెక్నీషియనేమో ఆఫీసంతా పీకి ముప్ఫైరెండు వేస్తానన్నాడు. నేను ససేమిరా వద్దన్నాను. ఒక్క ఫైలు పాతదని ఆఫీసు మొత్తాన్ని పాతది చేసుకుంటామా? అమ్మినవాళ్ళకి మళ్ళీ ఫోన్ చేసి, ఉన్నది ఉన్నట్టు, లైను నంబరుతో సహా చెప్పాను. పీటీఆర్‌సేఫ్ ఒక్కటీ తగిలించి ఊరుకోకండి, హ్యాండిల్స్, అంటే విండోస్ ఇచ్చే గుర్తు నంబర్లు, ఉన్నచోట వాటికి సరిపడే లాంగ్‌పీటీఆర్ కూడా చూడండి అన్నాను. అవతల కాసేపు మాట లేదు. సాయంత్రానికి కొత్త ఫైలు వచ్చింది. అన్‌బ్లాక్ చేశాను, వేశాను, ట్యాబ్ వచ్చింది, ఎర్రర్ లేదు.

ఇంక నీ రిపోర్టు తెరిచాను. రమణా, షీటు నిండా #నేమ్? #నేమ్? #నేమ్? ఫార్ములాలోని పేరు ఎవరిదో ఎక్సెల్‌కి తెలియడం లేదని అర్థం. తేజ దగ్గర అదే, 334 దగ్గర అదే. పెద్ద గుమస్తా గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. యజమాని గారు వచ్చి నా వెనకాలే నుంచున్నారు, ఒక్క మాటా లేదు.

సి7 గడి మీద క్లిక్ చేశాను. పైన ఫార్ములా బార్‌లో ఇంత పొడుగు దారి. సీ డ్రైవ్, యూజర్స్, రమణ, డాక్యుమెంట్స్, బజ్జీ...

బజ్జీ!

ఆ ఫోల్డర్‌కి ఆ పేరెందుకు పెట్టావో ఈ భూమ్మీద మనిద్దరికే తెలుసు. గుమస్తా గారు "బజ్జీ ఏంట్రా అబ్బాయ్?" అని అడిగితే నవ్వాపుకోలేక చచ్చాను. చెప్పలేదులే, ఒట్టు. కానీ చూడు, ప్రతి గడీ నీ పేరుతో నిన్నే వెతుక్కుంటోంది. పాత సిస్టమ్‌లో యాడ్-ఇన్ నీ ఫోల్డర్‌లోనే ఉంది కాబట్టి దారి పైకి కనపడలేదు, పని జరిగిపోయింది. కొత్త దాంట్లో రమణ అనే యూజరే లేడు. నాకెందుకో గొంతు పట్టేసిందిరా. నువ్వు వెళ్ళిపోయావన్న సంగతి ఆ ఫార్ములా చదివేదాకా నాకు పూర్తిగా... సరే వదిలెయ్.

డేటా ట్యాబ్‌లో ఎడిట్ లింక్స్‌కి వెళ్ళి చేంజ్ సోర్స్ కొడితే షీట్లకి తాళం ఉందంది. నువ్వు వేసిన తాళమే. పాస్‌వర్డు? మొదట మీ ఊరి పేరు కొట్టాను, కాదు. ఆ తర్వాత మన హాస్టల్ వార్డెన్‌కి పెట్టిన పేరు కొట్టాను. తెరుచుకుంది! ఎన్నాళ్ళయినా మారవురా నువ్వు. అక్కడ నువ్వు పెట్టిన కామెంట్ కూడా కనపడింది: "ఈ కాలమ్ ముట్టుకుంటే నా మీద ఒట్టే". ముట్టుకోలేదులే.

దారి మార్చగానే పైనుంచి కిందికి వరసగా అంకెలు దిగాయి. గుమస్తా గారు వెంటనే కోల్డ్ స్టోరేజీ రిజిస్టరు తెచ్చి టిక్కీల లెక్క ఒక్కో లైనూ పోల్చారు. సరిపోయింది. సరిపోయాకే బ్యాంకుకి పంపాం, గడువు లోపలే. యజమాని గారు నీ పేరెత్తి "ఆ అబ్బాయి పని అట్లా ఉండేది" అన్నారు. ఆ మాట నీకు చేరెయ్యాలనే ఇదంతా రాస్తున్నాను.

ఇప్పుడు యాడ్-ఇన్‌ని ఎవరి పేరూ లేని ఫోల్డర్‌లో, సీ డ్రైవ్‌లో నేరుగా పెట్టాను. మిగతా సిస్టముల్లోనూ అదే చోట, అదే పేరు. అప్పుడు ఎవరు ఉన్నా, ఎవరు వెళ్ళినా ఫార్ములాలు చెదరవు. నెట్‌వర్కు డ్రైవ్‌లో ఒక్కచోటే పెట్టొచ్చు కానీ వేసేటప్పుడు కాపీ చేసుకోనా అని ఎక్సెల్ అడుగుతుంది, ఎవరో ఒకరు అవునంటారు, మళ్ళీ ఎవరి దారి వాళ్ళది.

ఇంకోటి, మర్చిపోయేలోపు అడుగుతున్నాను. బాకీల ఫైల్లో నువ్వు దాచిన షీటు ఒకటుంది, దానికి పాస్‌వర్డు వార్డెన్ పేరు కాదు. మెస్సు వంటాయన పేరా? లేకపోతే ఆ సినిమా హాలు గొడవలో... అయ్యో, ఈ-వే బిల్లు కోసం లారీ డ్రైవరు గుమ్మంలో నుంచుని హారన్ కన్నా గట్టిగా అరుస్తున్నాడు. వెళ్ళాలి. పాస్‌వర్డు మాత్రం వెంటనే చెప్పు, ఇరవయ్యో తారీఖులోపు జీఎస్టీ రిటర్ను 3బి కూడా

నీ వెంకట్