పాత దస్తావేజుల మాటలకు సరైన అర్థకోశం కావాలి

సంపాదకులకు,

తెలంగాణలో భూ రికార్డుల కోసం భూభారతి చట్టం వచ్చాక సాదాబైనామాల మాట మళ్లీ పత్రికల్లో నలుగుతోంది. ఇలాంటి పదాలు ఎక్కడ కనిపించినా 'ఉర్దూ పదం' అని రాసి సరిపెడుతున్నారు. రైతుకు దానివల్ల ఒరిగేదేమీ లేదు.

'బై' అరబ్బీ, అమ్మకం. 'నామా' పారశీకం, పత్రం. 'సాదా' కూడా పారశీకమే. తెల్లకాగితం మీద రాసుకుని రిజిస్ట్రీ చేయించని అమ్మకపు పత్రమే సాదాబైనామా. ఇంగ్లీషు 'విల్'కు ఇదే నామా తగిలి వీలునామా అయింది, మన 'వీలు'తో దానికి చుట్టరికం లేదు. ఇక ఏటేటా పొలం, పంట వివరాలు రాసే పహాణీ అసలు అరబ్బీ, పారశీకాలే కాదు. చూడటం అనే అర్థమున్న మరాఠీ మాట. సర్వే నంబర్ల వారీ భూమి లెక్క అయిన సేత్వార్‌లో 'సేత్' అంటే మరాఠీలో పొలం, 'వార్' మాత్రం పారశీకం. పహాణీ లాంటిదే అయిన అడంగల్ తమిళం.

అసలు చిక్కు లిపి మార్చేటప్పుడు వస్తుంది. ఉర్దూ, పారశీక లిపిలో జాల్, జే, జ్వాద్, జోయ్ అనే నాలుగు వేర్వేరు అక్షరాలు తెలుగులో ఒక్క 'జ' అయిపోతాయి. జామీను అరబ్బీ, జ్వాద్‌తో రాస్తారు, పూచీ పడ్డ మనిషి అని అర్థం. జమీను పారశీకం, జేతో రాస్తారు, భూమి అని అర్థం. ఎత్తిరాసేవారు ఒక్క దీర్ఘం వదిలేస్తే జామీనుదారు కాస్తా జమీనుదారై, పూచీ పడ్డవాడు భూమి గలవాడిలా కనిపిస్తాడు. మూలలిపి పక్కనుంటే ఈ పొరపాటు ఇట్టే దొరికిపోతుంది. నజరానాలో ఉన్నది జాల్, అంటే కానుక. కోర్టు నాజరులో ఉన్నది జోయ్, అంటే చూసుకునేవాడు. ఈ రెంటినీ ఒకే ధాతువుకు కట్టడం కూడా తరచూ జరిగేదే.

రాజీనామా అనగానే మనకు ఉద్యోగం మానుకోవడం తడుతుంది. బొంబాయి రాష్ట్రపు రైత్వారీ లెక్కల్లో అది రైతు భూమిని వదులుకుంటూ ఇచ్చే కాగితం. ఆ భూమి తీసుకునేవాడు ఇచ్చేది ఖబూలియత్. కోర్టు కాగితాల్లోనేమో అది ఇరుపక్షాల ఒప్పందం. కాబట్టి ఏ కాలం, ఏ ప్రాంతం కాగితమో చెప్పకుండా అర్థం చెప్పకూడదు.

రెవెన్యూ కాగితాల్లో వాడే సంవత్సరం, ఫసలీ లెక్కా అంతే. 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన క్రీస్తు సంవత్సరం వస్తుంది. అయితే నిజాం రాజ్యంలో అది ఆజర్ నెలతో, అక్టోబరులో మొదలయ్యేది, ఇప్పటిలా జూలై 1న కాదు. నిజాం నాటి ఫసలీ 1357 అంటే 1947 అక్టోబరు నుంచి. జూలై నుంచి లెక్కేస్తే కాగితం తేదీ నెలలు పక్కకు జరిగిపోతుంది.

ఇందుకు పునాది ఎప్పుడో పడింది. తెలుగులో కలిసిన అన్యదేశ్యాల మీద బ్రౌన్ 1854లోనే నిఘంటువు వేశాడు. రెవెన్యూ, న్యాయ పదాల మీద విల్సన్ కోశం 1855లో లండన్‌లో అచ్చయింది. వాటి ఆధారంగా రెవెన్యూ శాఖ భూమి పోర్టల్‌లో ఒక అర్థకోశం పెట్టాలి. ప్రతి మాటకూ మూలలిపిలో రాత, అది ఏ భాషదో, ఏ కాలపు కాగితంలో ఏ అర్థమో మూడూ ఇవ్వాలి. అరబ్బీ, పారశీకం వచ్చినవారూ, పాత దఫ్తర్లు చదవగలిగినవారూ కలిసి కూర్చోవాలి. మీ పత్రిక కూడా అందాకా 'ఉర్దూ పదం' అనే ముక్క మాని, కనీసం ఆ మాట ఏ భాష నుంచి వచ్చిందో సరిచూసి వేయాలని మనవి.

— ఒక పాఠకుడు, కరీంనగర్