ఆ గడులు నిండే ఉన్నాయా, చిట్టీ?

చిరంజీవి చిట్టికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మ మోకాలు పోయిన వారం కంటే నయం. నువ్వు ఫోన్ ఎత్తి పదకొండు రోజులైంది. నీ పనులు నీకుంటాయి, నేనేమీ అనుకోవడం లేదు. ఊరికే తీరిగ్గా నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నాను.

మొన్న బుజ్జిగాడు వచ్చాడు. మాటల మధ్యలో, "కాలేజీలో చేసిన ఆ సెలైన్ పరికరం పేటెంటు కాగితాల మీద అక్క సంతకాలన్నీ పెట్టి ఇచ్చేసిందట పెదనాన్నా, పేర్లు రాసే చోట మాత్రం ఇంకా ఖాళీగానే ఉందట" అన్నాడు. వాడు చెప్పేవాటిలో సగం గాలి కబుర్లేనని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. ఆ గడులు నిండే ఉన్నాయా?

సరే, అది అలా ఉంచు. కళ్లద్దాలు మార్చుకున్నావా? తలనొప్పి అని సంక్రాంతికి వచ్చినప్పుడే అన్నావు. రాత్రిళ్లు లైటు తీసేసి ఫోన్లో చదవకు. సన్న అక్షరాల కాగితాలైతే అసలు అలా చదవకు.

సన్న అక్షరాలంటే గుర్తొచ్చింది. రమణ చేత ఆ ఫారాలు ప్రింటు తీయించాను. ముప్పై నాలుగేళ్లు ప్లీడరు గుమాస్తాగా చేసినవాణ్ణి, ఫారం కనబడితే చదవకుండా ఉండలేను. ఫారం 1 అంటే దరఖాస్తు. అందులో ఆవిష్కర్తల పేర్లకు ఒక పట్టిక ఉంది, చివర్లో వాళ్ల డిక్లరేషన్ ఉంది. పైన పేర్లున్నవాళ్లమే ఈ ఆవిష్కరణకు నిజమైన, మొదటి ఆవిష్కర్తలమని దాని సారాంశం. "పైన పేర్లున్నవాళ్లు" అన్నాడు చూశావా? పైన పేర్లే లేకపోతే కింద నువ్వు సంతకం పెట్టింది దేనికి?

పైగా ఆ వాక్యం అక్కడితో ఆగలేదు. దరఖాస్తుదారు మా అసైనీ, అంటే మా హక్కు రాసిచ్చింది వాళ్లకే అని కూడా అదే సంతకంతో ఒప్పుకుంటున్నావు. అంటే పేరు నీకు మిగులుతుంది, హక్కు కాలేజీకి వెళుతుంది. వెళ్లడం తప్పనను. ల్యాబు వాళ్లది, సామాను వాళ్లది. తెలిసి ఇచ్చావా, తెలియక ఇచ్చావా అన్నదే నా బెంగ.

ఇక ఫారం 26. మన వకాల్తాకి చెల్లెలు లాంటిది, పేటెంటు ఏజెంటుకిచ్చే పవర్. నోటీసులన్నీ ఆయనకే పంపండి అని అందులో ఉంటుంది. అంటే చెన్నై పేటెంట్ ఆఫీసు ఏం అడిగినా నీకు తెలిసేది ఆయన చెబితేనే. కింద ఇంకో ముక్క ఉంది, ఏజెంటు ఇప్పటికే చేసిన పనులకు సమ్మతిస్తున్నాను అని. ఆ ముక్క దగ్గర నేను రెండుసార్లు ఆగాను. ఆయన ఏం చేశాడో కనుక్కోకుండా సమ్మతి ఎలా ఇస్తావు తల్లీ?

ఇంకో సంగతి. దరఖాస్తుదారుగా కాలేజీ ఒక్కటే ఉంటే ఏజెంటుకు పవర్ ఇవ్వాల్సింది కాలేజీ. నీ సంతకంతో పనిలేదు. మరి నీ చేత ఫారం 26 మీద పెట్టించుకున్నారంటే దరఖాస్తుదారుల్లో నువ్వూ ఉన్నట్టా? బుజ్జిగాణ్ణి అడిగితే బిక్కమొహం వేశాడు.

లెక్చరు ఇస్తున్నాననుకోకు. నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. సీనియర్ గారి దగ్గర చేరిన రెండో ఏడాది. గట్టు తగాదా మీద ఒక పెద్దాయన వచ్చేవాడు. సంతకం రాదు. వచ్చిన ప్రతిసారీ వరండాలో చెప్పులు విడిచి, గుమ్మం దాటకుండా నిలబడేవాడు. ఒక రోజు సీనియర్ గారు లోపల్నుంచి "నాలుగు వేయించి ఉంచు" అన్నారు. ఆయన ఎడమచేతి బొటనవేలు నేనే పట్టుకుని, స్టాంపు ప్యాడు మీద అటూ ఇటూ దొర్లించి, రెండు ఖాళీ వకాల్తాల మీద, రెండు తెల్లకాగితాల మీద అద్దించాను. "ఇన్నెందుకు బాబూ?" అన్నాడు. "మళ్లీ మళ్లీ మీరు తిరగక్కర్లేకుండా" అన్నాను. మంచి చేస్తున్నాననే అనుకున్నాను చిట్టీ. ఆయన వేలికున్న సిరా జుట్టుకి తుడుచుకుని, నాకు దణ్ణం పెట్టి వెళ్లాడు.

మళ్లీ ఏడాదికి వచ్చి "వాయిదా ఎప్పుడు బాబూ?" అన్నాడు. కట్ట విప్పి చూస్తే కేసు అప్పటికే రాజీ అయిపోయి ఉంది. నేను వేలిముద్ర వేయించిన తెల్లకాగితాల్లో ఒకటి రాజీ అర్జీ అయింది. గట్టు అవతల నాలుగు సెంట్లు వదులుకున్నట్టు టైపు కొట్టి ఉంది. చదివి వినిపించాను. ఆయన బొటనవేలు ఆ ముద్ర పక్కన పెట్టి చాలాసేపు చూసుకున్నాడు. "నాదేనా?" అన్నాడు. ఆయనదే. సీనియర్ గారు ఇంకో కట్ట తెప్పించుకుని అందులో తల పెట్టేశారు. నేను కూజాలోంచి గ్లాసుడు మంచినీళ్లు ఇచ్చాను. అంతకు మించి ఏమీ చేయలేదు.

మీ అమ్మకి కూడా ఈ సంగతి పూర్తిగా తెలియదు.

మీ హెడ్ గారు చెడ్డవారని నేననడం లేదు. కానీ ఖాళీ గడి ఖాళీగా ఉండదు. సెలైన్ బాటిల్ అయిపోకముందే మోగే ఆ పరికరం ఆలోచన అమ్మమ్మ మంచం పక్కన కూర్చున్నప్పుడు నీకొచ్చింది. అందులో బాటిల్ బరువు తూచే స్ప్రింగు సంగతి తేల్చింది నీతో కలిసి పనిచేసిన కవిత, పరీక్షల ముందు నిద్ర మానుకుని. ఆ పట్టికలో మీ ఇద్దరి పేర్లు ఉండాలి. గది తాళాలిచ్చినవాళ్లు, బిల్లుల మీద సంతకం చేసినవాళ్లు పెద్దవాళ్లే, నమస్కారం పెట్టు. ఆవిష్కర్తలు మాత్రం కారు. కవిత పేరు జారిపోయి ఇంకెవరి పేరో ఎక్కితే, కింద నిజమని చెప్పింది నీ సంతకం.

కంగారు పడకు, దారులున్నాయి. దరఖాస్తు ఇంకా వేయకపోతే ఆ కాగితాలు వెనక్కి అడిగి, నిండిన ఫారం మీద మళ్లీ సంతకం పెట్టు. వేసేసి ఉంటే ఫారం 26 దాఖలుకి దరఖాస్తు వేసిన రోజు నుంచి మూడు నెలలు, దరఖాస్తుదారుకి హక్కు వచ్చిన రుజువుకి ఆరు నెలలు గడువుంది, కాబట్టి ఇవాళే పెట్టెయ్యమని తొందరపెడితే నమ్మకు. ఆవిష్కర్త పేరు వదిలేస్తే, ఆ పేరు చేర్చమని అడిగే ఫారం 8 అని ఒకటుంది, పేటెంటు మంజూరయ్యేలోపు వేయాలి. అడగడానికి మొహమాటమైతే నా పేరు చెప్పు. "మా నాన్న చాదస్తుడు, జిరాక్సు చూపించందే ఊరుకోడు" అను. అబద్ధమేమీ కాదు.

ఇంటిపేరు స్పెల్లింగు పదో తరగతి సర్టిఫికెట్లో ఉన్నట్టే రాయించు. ఆధార్లో ఒక అక్షరం ఎక్కువుంది, గుర్తుందిగా? ప్రతి పేజీ జిరాక్సు తీసి ఆకుపచ్చ ఫైల్లో పెట్టు. ఆ ఫైలు మంచం కింద పడేయకు, చెద పడుతుంది.

కవితకి ఫోన్ చేద్దామనుకుని మానేశాను. ముందు నీ నోటి నుంచి వినాలి. మాట్లాడే ఓపిక లేకపోతే "నిండాయి" అనో "లేదు" అనో ఒక్క మెసేజ్ పెట్టు. రాత్రి పదకొండు దాకా ఫోన్ తలగడ పక్కనే పెట్టుకుంటాను. లేదంటే వచ్చేస్తాను. శనివారం బస్సుకి రమణ టికెట్ చూస్తున్నాడు, ఇంకా తీయలేదు.

మీ నాన్న

తా.క. మీ అమ్మ నీ పాత కళ్లద్దాల చీటీ వెతికి ఇందులో పెట్టింది. షాపువాడికి చూపించు.